ఎడ్జ్ సెన్సర్లు ఉన్నాక మళ్లీ నక్షత్రంతో అలైన్‌మెంట్ ఎందుకు?

ప్రశ్న కెక్ టెలిస్కోప్‌లో లాంటి ముక్కల అద్దాల (చిన్న అద్దాలు పక్కపక్కన పేర్చి చేసిన పెద్ద అద్దాల) గురించి: అంచుల దగ్గర సెన్సర్లున్నా నక్షత్రాన్ని చూసి సరిచేయడం దేనికి, ఏ వరసలో చేయాలి?

సెన్సర్ది కాపలా పని. పక్కపక్క అంచుల ఎత్తు తేడా ఎంత మారిందో చెబుతుంది, ఎంత ఉండాలో చెప్పలేదు. ఆ అంకె నక్షత్రం నుంచే రావాలి. కెక్‌లో 36 ముక్కలకు 108 యాక్చుయేటర్లు (ముక్కలను జరిపే పరికరాలు), 168 సెన్సర్లు. అవి సెకనుకు రెండుసార్లు అద్దాన్ని సవరిస్తూ ఆ అంకెనే కాపాడతాయి.

ముందు టిప్, టిల్ట్, అంటే ముక్క అటూ ఇటూ వాలడం. ఒక్కో ముక్క నుంచి వచ్చే నక్షత్రపు వెలుగును విడివిడి చుక్కగా చూపే షాక్-హార్ట్‌మన్ కెమెరాలో ప్రతి ముక్క చుక్కనూ దాని చోటికి తేవాలి. ఇక్కడ తొందరపడకండి. వాలు మిగిలి ఉంటే అంచు పొడవునా మెట్టు (పక్కపక్క ముక్కల ఎత్తు తేడా) ఒకేలా ఉండదు, తర్వాతి కొలతంతా వృథా.

అసలు కష్టం పిస్టన్‌తోనే, అంటే వాలకుండా ముక్క మొత్తం పైకో కిందికో జరగడంతోనే. రెండు ముక్కల అంచు మీద 12 సెంటీమీటర్ల గుండ్రటి కిటికీ పెట్టి, చెరిసగం వెలుగు తీసుకుంటారు. కిటికీ అంత చిన్నది కాబట్టి గాలి కదలికలు కొలతను పెద్దగా చెడగొట్టవు. మెట్టు లేకపోతే ఒకే గుండ్రటి చుక్క. మెట్టు పావు తరంగదైర్ఘ్యం ఉంటే, వెలుగు వెళ్లి రావడంలో తేడా రెట్టింపై, చుక్క రెండు సమాన చుక్కలుగా చీలుతుంది. సగం తరంగదైర్ఘ్యం ఉంటే మళ్లీ ఒకటే చుక్క! 900 నానోమీటర్ల వెలుగులో 450 నానోమీటర్ల మెట్టు అచ్చం సున్నాలాగే కనబడుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

అందుకే ఒకే రంగును నమ్మకూడదు. కొంత వెడల్పున్న ఫిల్టర్ పెట్టి, ముక్కను మెట్టుమెట్టుగా పైకీ కిందికీ జరుపుతూ పోతే, నిజమైన సున్నా దగ్గరే చుక్క అన్నిటికన్నా స్పష్టంగా ఉంటుంది. 900 నానోమీటర్ల దగ్గర 10 నానోమీటర్ల వెడల్పున్న ఫిల్టర్‌తో సుమారు 30 మైక్రాన్ల మెట్టు దాకా పట్టుకోవచ్చు. కొత్తగా బిగించిన ముక్కకు ఇదే మొదలు. తర్వాత ఇంకా వెడల్పు ఫిల్టర్, ఇంకా చిన్న అడుగులు.

సెన్సర్లకు సరిగా అందని లోపం ఇంకొకటుంది: ముక్కలన్నీ కలిసి గిన్నెలా కొద్దిగా లోతవడం. ఒక్కో అంచు దగ్గర మార్పు అతి స్వల్పం, మొత్తం అద్దం మీద మాత్రం పెద్దది. సెకండరీని (ప్రధాన అద్దానికి ఎదురుగా ఉండే చిన్న అద్దాన్ని) జరిపి ఫోకస్ సరిచేస్తే పైకి బాగున్నట్టే ఉంటుంది గానీ, ఒక్కో ముక్క సొంత వంపు మారదు కాబట్టి దోషం పూర్తిగా పోదు. 798 ముక్కల ఈఎల్‌టీ (ఎక్స్‌ట్రీమ్లీ లార్జ్ టెలిస్కోప్) లాంటి అద్దంలో సెన్సర్ల నాయిస్ (రీడింగుల్లోని చిన్నచిన్న తప్పులు) ఇలాంటి ఆకారాల్లోకే ఎక్కువగా చేరుతుంది.

తేడా వస్తే వెంటనే యాక్చుయేటర్‌ను అనుమానించకండి. ముక్క నిజంగా కదిలితే దాని చుట్టూ ఉన్న అంచుల రీడింగులు కలిసి మారతాయి. ఒక్క అంచులోనే తేడా ఉంటే అక్కడి సెన్సర్ మీద దుమ్మో తేమో చేరిందేమో ముందు చూడండి.