ఆఫీసులో వివక్ష: సర్దుకుపోవద్దు, రాసిపెట్టుకోండి

ఈసారి హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ కూకట్‌పల్లి, నిజాంపేట వైపు ఎవరింటికెళ్లినా అమెరికా ప్రయాణం పెట్టుకున్న పిల్లలే. వీసా స్లాట్లు, లోన్లు, ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసాపైనే కొంతకాలం పనిచేసే అనుమతి) గురించి ఎంతసేపైనా అడుగుతారు. ఆఫీసులో రంగునో పుట్టిన దేశాన్నో చూసి చులకన చేస్తే ఏం చేయాలని ఒక్కరూ అడగలేదు. ఒక తల్లి మాత్రం పక్కకు పిలిచి, "మావాడికి అలాగే అవుతోందట అన్నయ్యా, వీసా పోతుందేమోనని సర్దుకుపొమ్మన్నాను" అంది. ఆ మాట చెప్పొద్దు చెల్లెమ్మా అన్నాను. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టంలో టైటిల్ సెవెన్ అనే భాగం ఉంది. జాతి, రంగు, మతం, స్త్రీ పురుష భేదం, పుట్టిన దేశం చూసి ఉద్యోగంలో తేడా చూపడం దాని ప్రకారం నేరుగా చట్ట ఉల్లంఘన. 15 మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న ప్రతి కంపెనీకీ ఇది వర్తిస్తుంది. మీరు ఓపీటీలో ఉన్నా, కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా హెచ్‌వన్‌బీలో ఉన్నా రక్షణ ఒకటే. పనికి నిజంగా అడ్డమైతే తప్ప, మీ ఇంగ్లిష్ యాస నచ్చలేదని ప్రమోషన్ ఆపడానికి కూడా వీల్లేదు. అయితే అందరి మీదా అరిచే మేనేజర్ మీ మీదా అరిస్తే అది వివక్ష కాదు. ఒకసారి విసిరిన మోటు జోకు కూడా సాధారణంగా కేసుకు సరిపోదు. అదే పనిగా సాగితేనో, చాలా తీవ్రంగా ఉంటేనో వేధింపు అవుతుంది.

అందుకే జరిగిన రోజే తేదీ, అన్న మాట, పక్కన ఉన్నవాళ్ల పేర్లు ఇంట్లో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆఫీసు ఫైళ్లు సొంత మెయిల్‌కు పంపుకోవద్దు, దాన్నే సాకుగా చూపి తీసేయొచ్చు. రహస్యంగా రికార్డు చేయొద్దు, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో అదే నేరం.

తర్వాత హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. నోటిమాటగా చెబితే రేపు "మాకు తెలియదు" అంటారు. తెలిశాక విచారించి, ఆ ప్రవర్తనను వెంటనే ఆపించాల్సిన బాధ్యత కంపెనీదే. ఫిర్యాదు చేశారని రేటింగ్ తగ్గించినా, ప్రాజెక్టు నుంచి తప్పించినా అది విడిగా మరో ఉల్లంఘన. మన కుర్రాళ్లలో చాలామంది కన్సల్టెన్సీ తరఫున క్లయింట్ ఆఫీసులో పనిచేస్తారు. అక్కడ వేధింపు జరిగితే "క్లయింట్‌తో గొడవెందుకు బాబూ" అని కన్సల్టెన్సీ చేతులు దులుపుకోకూడదు. తెలిసి ఊరుకుంటే దానికీ బాధ్యత ఉంటుంది.

మనవాళ్లు మేనేజర్లయ్యాక తెలుగువాళ్లనే తీసుకోవడం కూడా ఇదే చట్టం కిందికి వస్తుందని గుర్తుంచుకోండి. సియాటెల్ నగరం 2023లో కుల వివక్షను కూడా నిషేధించింది.

ఈఈఓసీ అనే ఫెడరల్ సంస్థకు ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు, గడువు మాత్రం ఉంది. ఘటన జరిగిన 180 రోజుల్లోపు చేయాలి. సొంత వివక్ష నిరోధక సంస్థ ఉన్న రాష్ట్రాల్లో 300 రోజులు. హెచ్‌ఆర్ విచారణ నడుస్తోంది కదా అని ఆగితే గడువు ఆగదు, చాలామంది నష్టపోయేది ఇక్కడే. వీసా టెన్షన్ నిజమే: ఉద్యోగం పోతే హెచ్‌వన్‌బీ వాళ్లకు మరో ఉద్యోగం చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. కాబట్టి మెయిల్ పెట్టే ముందే ఎంప్లాయ్‌మెంట్ లాయర్‌తోనూ, ఇమిగ్రేషన్ లాయర్‌తోనూ ఒక్కసారి మాట్లాడండి. ఈఈఓసీ నుంచి దావా వేసుకోవచ్చని నోటీసు వస్తే, ఆ రోజు నుంచి 90 రోజుల్లో కోర్టుకు వెళ్లాలి.