బస్తీ కబడ్డీ జట్టు లోగోలో హైదరాబాద్ సంస్కృతి కనిపించాలంటే ఎలా గీయాలి?

చార్మినార్‌ను ముందే పక్కన పెట్టండి. నగరంలో హోటల్ బోర్డు నుంచి బిస్కెట్ డబ్బా దాకా అదే ఉంటుంది, మీ జట్టు గుర్తుండదు. కబడ్డీకి బోనాల పోతరాజు చక్కగా నప్పుతాడు: పసుపు పూసిన ముఖం, నుదుట పెద్ద కుంకుమ బొట్టు, మెలితిరిగిన మీసం, చేతిలో కొరడా. ఆ కొరడానే వంచి జట్టు పేరు చుట్టూ తిప్పితే ముఖం, అక్షరాలు ఒకే బొమ్మగా కలుస్తాయి. ఆయన్ని అమ్మవారి తమ్ముడిగా కొలుస్తారు కాబట్టి వెక్కిరింపు కార్టూన్‌లా మాత్రం గీయకండి, షార్ట్స్ మీద వేయకండి.

మొదట నలుపు తెలుపులోనే గీయండి. 2 సెంటీమీటర్ల వెడల్పుకు కుదించి ప్రింట్ తీసి, చేయి చాచి చూడండి. మీసం, బొట్టు విడివిడిగా కనపడకపోతే గీతలు తగ్గించాలి. రంగులు ఆ తర్వాతే: పసుపు, ఎరుపు, నలుపు చాలు. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో స్క్రీన్ కావాలి, ఖర్చు పెరుగుతుంది. తెల్ల జెర్సీ మీద పసుపు వెలవెలబోతుంది, చుట్టూ నల్ల అంచు ఇవ్వండి.

ఎక్కువగా చెడేది ఎంబ్రాయిడరీలో. ఛాతీ మీద లోగోకు దొరికేది 7-8 సెంటీమీటర్లే. అందులో 1 మిల్లీమీటరు కన్నా సన్నని గీత దారంతో సరిగా తేలదు. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న అక్షరాల్లో సందులు పూడిపోతాయి. తెలుగుకు ఇంకా కష్టం, తలకట్టూ ఒత్తూ అతుక్కుని ముద్దవుతాయి. పేరు పెద్దగా, లావుగా రాయండి.

ఫైల్ ఎస్‌వీజీలో (ఎంత పెద్దది చేసినా గీతలు చెదరని ఫార్మాట్) ఇచ్చే ముందు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మగా మార్చండి. లేకపోతే ప్రింటింగ్ షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేక ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి.