నాలుగు మీటర్లకే చెవి నొప్పా? మళ్లీ దిగొచ్చు

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో స్కూబా డైవింగ్‌కి దిగితే నాలుగు మీటర్లకే చెవి పోటు వచ్చి పైకి వచ్చేశానని, వచ్చే నెల మళ్లీ వెళ్తున్నానని రాశారు కదండీ. టెన్షన్ పడకండి, మొదటిసారి చాలామందికి అక్కడే పట్టేస్తుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అందులో మొదటి కొన్ని మీటర్లే గండం.

నొప్పి వచ్చాక ముక్కు మూసి గట్టిగా ఊదానన్నారు చూడండి, తప్పంతా అక్కడే. చెవి లోపలి ఒత్తిడిని బయటి నీటి ఒత్తిడితో సమం చేయడం తల మునగ్గానే మొదలుపెట్టాలి. మాస్క్ మీంచే ముక్కు నొక్కి, మెల్లగా, అరమీటరుకోసారి ఊదండి. చెవిలో టిక్‌మంటుంది. అనకపోతే, ఇబ్బందిగా ఉందని వెంట ఉన్న గైడ్‌కి తెలిసేలా అరచేతిని అటూ ఇటూ ఊపి, చెవి చూపించి, ఒక మీటరు పైకెళ్లి మళ్లీ ప్రయత్నించండి. బలవంతంగా ఊదితే కర్ణభేరికి ముప్పు. కాళ్లు కిందికి పెట్టి దిగితే సులువు. జలుబుంటే మాత్రం డబ్బు పోయినా సరే, దిగొద్దు. చెవి ఇప్పటికీ దిబ్బడగా ఉంటే ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

నేనూ మొదటిసారి మీలాగే తిరిగొచ్చినవాణ్ణే. రెండోసారి అడుగుదాకా వెళ్లాను. సీ అనిమోన్ (క్లౌన్ ఫిష్ అనే చేప కాపురముండే, పువ్వులాంటి సముద్రజీవి) దగ్గర బొటనవేలంత క్లౌన్ ఫిష్ ఒకటి, తన ఇంటి మీదికొచ్చానని, నా మాస్క్ అద్దాన్ని రెండుసార్లు పొడిచి పోయింది!