ప్రతి శుక్రవారం ఉపవాసం, అయినా మళ్లీ అదే బెట్టింగ్

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం. నా భార్య స్టాఫ్ నర్సు, మాకో పాప. సంఘంలో యూత్ కానుకల లెక్కలు నేనే చూస్తాను. రెండేళ్లుగా ఫోన్‌లో క్రికెట్ బెట్టింగ్ ఆడుతున్నాను. అప్పు 3,40,000 అయింది. బీరువాలో ఉందని నా భార్య అనుకుంటున్న గొలుసు తాకట్టులో ఉంది. శుక్రవారం ఉపవాసం ఉండి, ఏడ్చి, ఇక ఆడనని మొక్కుకుంటాను. మూడు వారాలు నిలబడతాను, మళ్లీ పడిపోతాను. కొన్ని రాత్రులు చచ్చిపోతే బాగుండుననిపిస్తోంది. నా మారుమనస్సు అబద్ధమా?
- ఒక సోదరుడు

జవాబు: ముందు ఆ చివరి మాట గురించి. చనిపోవాలన్న ఆలోచన మళ్లీ వస్తే తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 14416 టెలీమానస్‌కు ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. జూదానికి బానిస కావడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా గుర్తించింది. సైకియాట్రిస్టును కలవడం విశ్వాసం లేకపోవడం కాదు.

ఇక మీ ప్రశ్న. మీ కన్నీళ్లు అబద్ధం కాదు. కానీ ఏడ్చి లేచాక యాప్ ఫోన్‌లోనే ఉంది, టిప్స్ ఇచ్చే టెలిగ్రామ్ గ్రూపు ఉంది, గొలుసు సంగతి గుట్టుగానే ఉంది. శరీరాశల కోసం ముందే ఏర్పాట్లు చేసిపెట్టుకోవద్దని రోమా 13:14లో పౌలు అంటాడు. మీరు పాపాన్ని ఒప్పుకుంటున్నారు, దాని ఏర్పాట్లను మాత్రం ముట్టుకోవడం లేదు. మొక్కుబడులు కూడా ఆపేయండి. చెల్లించలేని మొక్కుకంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5:5 చెబుతోంది. మొక్కు తప్పిన ప్రతిసారీ 'ఎలాగూ పాడైపోయాను, ఇంకో పందెం వేస్తే ఏమైంది' అన్న నిస్పృహ పెరుగుతుంది. ఆ రాత్రే ఎక్కువ డబ్బు పోతుంది.

ఆశ గర్భం ధరించి పాపాన్ని కంటుందని యాకోబు 1:15. మీరు పాపం పుట్టాక పోరాడుతున్నారు. కాగితం తీసుకుని చివరి మూడుసార్లు ఎలా పడ్డారో రాయండి: ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఇంట్లో ఎవరున్నారు, ఖాతాలో ఎంత ఉంది, అంతకుముందు ఫోన్‌లో ఏ మెసేజ్ వచ్చింది. జీతం పడిన వారం, భార్య నైట్ డ్యూటీ, సాయంత్రం మ్యాచ్, ఈ మూడూ కలిసిన రాత్రులే బయటపడవచ్చు. 2 సమూయేలు 11లో దావీదు కథ కూడా ఒక్కసారిగా జరగలేదు. సైన్యం యుద్ధంలో ఉండగా తాను యెరూషలేములో ఉండిపోయాడు, మిద్దె మీద నుంచి స్నానం చేస్తున్న బత్షెబను చూశాడు, ఆమె ఎవరని వాకబు చేశాడు, మనుషులను పంపాడు. ఆగడానికి ప్రతి చోటా వీలుంది. యజమాని భార్య పట్టుకున్నప్పుడు యోసేపు మాత్రం వాదించుకుంటూ నిలబడలేదు, వస్త్రం వదిలేసి బయటికి పారిపోయాడు.

బెట్టింగ్‌లో బాగా నమ్మించే మాట 'పోయింది రాబట్టుకుని మానేస్తాను' అన్నదే. విశ్వాసుల నోట ఇది ప్రార్థన అవుతుంది: ప్రభువా, ఈ ఒక్క మ్యాచ్ గెలిపించు, అప్పు తీర్చి దశమభాగం ఇస్తాను. దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దేవుడే పట్టుకుంటాడని సాతాను యేసుతో అన్నదీ ఇదే లెక్క. ప్రభువును శోధించవద్దనే ద్వితీయోపదేశకాండం మాటతో యేసు దానికి జవాబిచ్చాడు. పోయిన డబ్బు పోయినట్టే. అలాగే రాసుకోండి.

భార్యకు చెప్పడం అన్నిటికంటే కష్టం, అయినా అదే ముందు. నైట్ డ్యూటీ నుంచి రాగానే వద్దు, ఆమె సెలవు రోజు చూసుకోండి. పాపను అమ్మమ్మ దగ్గర ఉంచండి. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, గొలుసు ఎక్కడుంది, అన్నీ ఒకే కాగితం మీద రాసి చేతికివ్వండి. చాలామంది ఇక్కడే సగం దాస్తారు. లక్ష చెప్పి, నెల తర్వాత మిగతాది బయటపడితే ఆమెకు మొదటి మాట మీద కూడా నమ్మకం పోతుంది. క్షమించాలని వాక్యం చూపించకండి. కొన్నాళ్లు పుట్టింటికి వెళ్తానంటే అడ్డుపడకండి.

జీతం ఖాతా, డెబిట్ కార్డు ఆమె చేతికివ్వండి. యూపీఐ తీసేసి వారం ఖర్చుకు నగదు తీసుకోండి. క్రెడిట్ కార్డు మూసేయించండి. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలదు, రెండు నిమిషాల్లో మళ్లీ వచ్చేస్తుంది. ముందు అందులోని ఖాతా మూసేసి, టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి బయటికి రండి. ఉద్యోగానికి ఇబ్బంది లేకపోతే మూడు నెలలు కీప్యాడ్ ఫోన్ వాడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచే ఆన్‌లైన్ పందేలపై నిషేధం ఉంది. 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది. ఇంకా నడుస్తున్నవి తరచూ ఎవరెవరి పేరు మీదో ఉన్న ఖాతాలకు డబ్బు వేయమంటాయి. అలాంటి ఖాతా నుంచి మీకు గెలుపు డబ్బు వచ్చినా, పోలీసు కేసులో మీ ఖాతా కూడా స్తంభించిపోవచ్చు.

గొలుసు గడువు కనుక్కుని, వేలానికి పోకుండా వడ్డీ కట్టండి. అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేయవద్దు. లోన్ యాప్‌వాళ్లు బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బంధువులు సాయం చేస్తామంటే మీ చేతికి కాకుండా అప్పిచ్చినవారికే నేరుగా కట్టమనండి. అప్పంతా ఒక్కసారిగా తీరిపోయాక మళ్లీ మొదలుపెట్టేవారున్నారు.

కానుకల పుస్తకం ఈ ఆదివారమే అప్పగించేయండి. ఇప్పటిదాకా ఒక్క రూపాయి ముట్టకపోయినా సరే. అందరికీ కారణం చెప్పనక్కర్లేదు, అయ్యగారికి చెబితే చాలు. ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమన్న యాకోబు 5:16 కోసం ఒక్క మనిషిని ఎంచుకోండి: మగవాడు, బంధువు కానివాడు, నోరు జారనివాడు. ప్రార్థన కూటంలో మాత్రం వద్దు. మన దగ్గర 'ప్రార్థన అంశం' సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. వారానికోసారి మీరు ఎంచుకున్న ఆ మనిషికి బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించండి. ఆడావా, దాచావా, అప్పు చేశావా అని ఆయన సూటిగా అడగాలి.

కోరిక లేచినప్పుడు మోకరించి దానితోనే కుస్తీ పట్టకండి. లేచి గది వదలండి, ఫోన్ ఇంట్లో ఎవరికైనా ఇచ్చేయండి, ఆ మనిషితో మాట్లాడి నడకకు వెళ్లండి. డబ్బు, ఫోన్ అందుబాటులో లేకపోతే ఆ ఉధృతి సాధారణంగా అరగంటలో తగ్గుతుంది. 1 కొరింథీయులు 10:13లోని తప్పించుకునే మార్గం కొన్నిసార్లు అచ్చంగా వీధి తలుపే. ఉపవాసం మానమనను, కానీ మ్యాచ్ ఉన్న రాత్రి ఒంటరిగా, నీరసంగా ఉండకండి. యేసు దగ్గరికి కూడా శోధకుడు ఆయన ఆకలిగొన్నప్పుడే వచ్చాడు.

మళ్లీ పడితే ఆ మొత్తం దగ్గరే ఆగి, 24 గంటల్లోపు భార్యకు, మీరు ఎంచుకున్న ఆ మనిషికి చెప్పండి. 1 యోహాను 1:9 ఆ రోజుకు కూడా వర్తిస్తుంది. ఒకటో తేదీన జీతం పడేలోపు ఖాతా మీ చేతుల్లోంచి పోవాలి, మిగతావి ఆ తర్వాత చూసుకోవచ్చు.