ప్లానింగ్ డిగ్రీ: తక్కువ ఖర్చులో ఎలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. పట్టణ ప్రణాళిక కోర్సు చేస్తానంటోంది. లక్షలు పోసే స్తోమత మాకు లేదు. ఈ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉంటాయండీ, అయితే కళాశాల ఎంపికలో తొందరపడకండి. మీకు దగ్గర్లోనే, విజయవాడలో, 2008లో ఏర్పాటైన కేంద్ర ప్రభుత్వ సంస్థ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో నాలుగేళ్ల ప్లానింగ్ డిగ్రీ, అంటే బీప్లాన్ ఉంది కాబట్టి మొదటి ప్రయత్నం దానికే చేయించండి. ఇందుకు జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి రాయాలి. గణితం, ఆప్టిట్యూడ్‌తో పాటు ప్లానింగ్‌పై 25 ప్రశ్నలు వస్తాయి. ఆర్కిటెక్చర్ పేపర్‌లోలా డ్రాయింగ్ పరీక్ష ఉండదు.

ప్రైవేటు కళాశాలలో చేర్చాల్సి వస్తే, ఆ కోర్సుకు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్, ఇండియా గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి. విజయవాడలో సీటు రాకపోతే అప్పు చేసి ప్రైవేటులో చేర్చడం కంటే, ప్రభుత్వ కళాశాలలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, పీజీ ప్రవేశ పరీక్ష గేట్ రాసి ఎంప్లాన్‌కు (ప్లానింగ్‌లో పీజీ) వెళ్లడమే మేలని నా అభిప్రాయం. గేట్ అర్హత స్కోరుతో కేంద్ర విద్యాసంస్థల్లో చేరినవారికి సాధారణంగా నెలకు రూ.12,400 ఉపకార వేతనం లభిస్తుంది.

పురపాలక, పట్టణాభివృద్ధి సంస్థల్లో లేఅవుట్ అనుమతులు, మాస్టర్ ప్లాన్ల పనికి ప్లానర్లు కావాలి, కానీ నోటిఫికేషన్లు ఏటా రావు. అందుకే జీఐఎస్ (కంప్యూటర్‌లో భౌగోళిక సమాచార వ్యవస్థ) మ్యాపింగ్, ట్రాఫిక్ సర్వేల విశ్లేషణ చదువుతూనే నేర్చుకోమనండి. కన్సల్టెన్సీలు ముందుగా అడిగేవి ఇవే. చేరేముందు, నిరుటి బీప్లాన్ విద్యార్థులు ఎక్కడ చేరారో ఆర్కిటెక్చర్ వారితో కలపకుండా విడిగా చెప్పమని కళాశాలను అడగండి.