తేనె, ఉల్లిరసం చుక్కలతో కంటి శుక్లం కరుగుతుందా?

కరగదు, శుక్లంతో మసకబారిన చూపును తిరిగి తెచ్చే చుక్కమందు గానీ, ఇంటి చిట్కా గానీ లేదు, ఆపరేషన్ ఒక్కటే దారి.

శుక్లాన్ని చాలామంది కంటి మీద పట్టిన పొర అనుకుంటారు. నిజానికి అది నల్లగుడ్డు వెనకున్న లెన్స్‌లోనే ఏర్పడుతుంది. అక్కడి ప్రొటీన్లు వయసుతో గడ్డకట్టి మసకబారతాయి, ఉడికిన గుడ్డు తెల్లసొనలాగా. ఉడికినదాన్ని మళ్లీ పచ్చిసొనగా మార్చలేం కదా! పైగా శుభ్రం చేయని తేనె, రసాలు కంటికి ఇన్ఫెక్షన్ తెస్తాయి.

మరి కొందరికి గుణం కనిపించిందంటారేం? అరవై దాటిన ఒకాయన నెల రోజులు తేనె వేసుకున్నాక అద్దాలు లేకుండా పేపర్ చదివారనుకోండి. అది తేనె మహిమ కాదు. లెన్స్ మధ్యభాగం గట్టిపడితే దగ్గరి చూపు కొన్నాళ్లు మెరుగవుతుంది. అంటే శుక్లం ముదురుతోందన్నమాట. దూరపు చూపు తగ్గుతూనే ఉంటుంది.

‘బాగా పండాకే ఆపరేషన్’ అనేది పాతకాలపు మాట. మరీ గట్టిపడితే తీయడమే కష్టం. చదవడానికో, నడవడానికో అడ్డొస్తుంటే చేయించుకోవచ్చు. కత్తి అనగానే టెన్షన్ సహజమే గానీ, అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి తీసే ఫేకో పద్ధతిలో కోత 2-3 మిల్లీమీటర్లే. ఎక్కువమందికి మత్తు చుక్కలు చాలు, అదే రోజు ఇంటికి పంపుతారు. ప్రమాదం అసలే లేదనలేం: ఇన్ఫెక్షన్ అరుదుగా వస్తుంది. షుగర్ ఉంటే ముందే అదుపులో పెట్టుకోవాలి. ఆపరేషన్ తర్వాత నొప్పి పెరిగినా, చూపు తగ్గినా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.