థర్మోకోల్ కరిగింది, నా గుండె నాళంలోది కరగలేదు

మీ నాన్నగారికి 58 ఏళ్లని, గుండె నాళంలో స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేసి ఏడాది దాటిందని, దగ్గరి బంధువొకరు చేపనూనె, వెల్లుల్లి, రెడ్ ఈస్ట్ రైస్ (ఎర్ర బూజుతో పులియబెట్టిన బియ్యం) మాత్రల సీసాలు తెచ్చి, వీటితో మిగిలిన పూడికలు కరిగిపోతాయి కనుక కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మానేయవచ్చని చెబుతున్నారని, అందులో నిజమెంత అని అడిగారు. కరగవు, మానకూడదు. ఇంత చిన్న జవాబుతో నేను ఊరుకోలేకపోవడానికి కారణం, 2019లో దాదాపు ఇవే సీసాలు మా ఇంటి షెల్ఫులో వరుసగా నిలబడి ఉండటమే.

అసలు నాకు తగవంతా పూడిక అనే మాటతోనే ఉంది. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు నీటిపారుదల శాఖలో పనిచేసి అనంతపురంలో రిటైరైన వాడిని. ఉద్యోగంలో ఎక్కువ కాలం తుంగభద్ర ఎగువ కాలువ మీద, అంటే మా జనం హెచ్చెల్సీ అని పిలిచే కాలువ మీద గడిచింది. 1953లో నిర్మాణం పూర్తయిన తుంగభద్ర జలాశయం మొదట్లో 133 టీఎంసీలు పట్టేది. ఏటేటా పూడిక చేరి ఇప్పుడది 105 టీఎంసీల చిల్లరకు దిగింది. తగ్గిన ఆ నీటిలో మా జిల్లా వాటా కోసం ప్రతి ఏడూ జరిగే పంచాయితీ గురించి మొదలుపెడితే మీ ప్రశ్న పక్కకు పోతుంది కనుక వదిలేస్తున్నాను. చెప్పదలచినది ఏమిటంటే, 2018 మార్చిలో గుండె నాళాలను చూపే యాంజియోగ్రామ్ పరీక్ష చేసిన వైద్యులు "మూడు పూడికలున్నాయి, ఒకటి తొంభై శాతం" అనగానే, నా కళ్ల ముందు వేసవిలో ఒట్టిపోయిన కాలువ, దాని అడుగున పేరుకున్న ఒండ్రు మట్టి కనిపించాయి. తొంభై శాతం ఉన్న చోట స్టెంట్ వేశారు. మిగిలిన రెండూ చిన్నవే, మాత్రలు వాడితే చాలన్నారు. కాలువలో మట్టి ఉంటే తీసేయాలి గదా, మాత్రలతో ఊరుకోవడమేమిటని నా బుర్రలో ఆ రోజే ఒక పురుగు చేరింది.

ఆ పురుగుకు మేత వేసింది మా బావమరిది. ఏడాది తర్వాత ఒక ఆదివారం పొద్దున నన్ను ఒక కల్యాణ మండపానికి తీసుకుపోయాడు. పెళ్లి లేదు గానీ ఉగ్గాణి, బజ్జీలు ఉన్నాయి, నలభై కుర్చీలున్నాయి, వేదిక మీద టై కట్టుకున్న ఒక యువకుడున్నాడు. గొలుసుకట్టు పద్ధతిలో మాత్రలమ్మే కంపెనీ సభ అది. ఆ యువకుడు ఒక గాజు గ్లాసులో నాలుగు చేపనూనె మాత్రలు చిదిమి నూనె పిండాడు, గోళీకాయంత థర్మోకోల్ ముక్కను అందులో వేశాడు, చెంచాతో మెల్లగా తిప్పాడు. ముక్క మెత్తబడి, కుంగి, చూస్తుండగానే నూనెలో కలిసిపోయింది. "మీ గుండె నాళాల్లోని పూడిక కూడా ఇలాగే" అని అతను వాక్యం పూర్తి చేయకముందే వెనుక వరుసలో చప్పట్లు మొదలయ్యాయి. మా బావమరిది నా మోచేయి తట్టి, "బావా, ఇంజినీరువు నువ్వు, నీ కళ్లతోనే చూసినావు గదా" అన్నాడు. చూశాను. చూసినందుకే మోసపోయాను, ఎందుకంటే కళ్లతో చూసిన దానిని కొలత పుస్తకంలో రాసి సంతకం పెట్టడమే నా వృత్తి.

రెండుసార్లు నోబెల్ పొందిన శాస్త్రవేత్త కూడా విటమిన్ సి, లైసిన్ అనే అమైనో ఆమ్లం కలిపి వాడితే నాళాలు శుభ్రపడతాయని చెప్పాడని వేదిక మీది యువకుడు అన్నది అబద్ధం కాదు. లైనస్ పౌలింగ్ తన చివరి సంవత్సరాల్లో అలాగే వాదించాడు. అయితే ఆయనకు 1954లో వచ్చిన బహుమతి రసాయనశాస్త్రానికి, 1962లో వచ్చినది శాంతికి. గుండె జబ్బు విషయంలో ఆయన మాట నిరూపణ కాలేదన్న సంగతి మండపంలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఐదు సీసాల సెట్టుకు నెలకు 8,400 రూపాయలు. పోల్చి చూడండి, మందు పూసిన స్టెంట్‌కు 2017 ఫిబ్రవరిలో కేంద్రం కట్టిన గరిష్ఠ ధర 29,600 రూపాయలు. నాలుగు నెలల సీసాలకు నేను ఒక స్టెంట్ ధర దాటించాను. ఈ సీసాలకు అటువంటి ధర కట్టడి లేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో అవి మందులు కావు, ఆహార పదార్థాలు. మందుగా వాడేందుకు కాదని సీసా మీదే అచ్చువేయాలి, వేస్తారు కూడా. వెనుక వైపున, ఇంగ్లీషులో, నా వయసు వాళ్ల అద్దాలకు అందని అక్షరాల్లో. గుండె జబ్బు నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని నిషేధించే చట్టం 1954 నుంచీ దేశంలో ఉంది. మండపంలో చెంచా తిప్పడం ప్రకటన కిందకు రాదని వాళ్లు అనుకుంటారు కాబోలు.

అప్పటికి మోకాళ్లు, తొడలు నొప్పులుగా ఉండేవి, అది స్టాటిన్ వల్లేనని వాట్సాప్ గ్రూపులో చదివాను. ఆస్పిరిన్ మాత్రం ఉంచుకుని, అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాముల మాత్రను 2019 మార్చిలో ఎవరికీ చెప్పకుండా మానేశాను. ఇంట్లో ఆమెకు కూడా చెప్పలేదు. నొప్పులు తగ్గినట్లే అనిపించింది, నడక పెరిగింది, ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నాతో నడిచేవారికి సీసాల గొప్పతనం చెప్పడం మొదలుపెట్టాను. వారిలో ఇద్దరు నా మాట నమ్మి కొన్నారు కూడా.

నవంబరులో ఒక ఉదయం అదే మైదానంలో మూడో చుట్టు తిరుగుతుండగా ఎడమ దవడ లాగడం మొదలైంది. పంటి నొప్పి అనుకుని ఇంకో సగం చుట్టు నడిచాను. చలికాలపు పొద్దున చొక్కా వీపుకు అతుక్కుపోయేంత చెమట పట్టింది. నా వెనుక వస్తున్న రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు ఒకాయన ఆ తడి చొక్కా చూసి, నన్ను పట్టుకుని కింద కూర్చోబెట్టి, గేటు దగ్గరి ఆటోను మైదానం మధ్యకే పిలిపించాడు. ముప్పై ఏళ్లు బస్సుల్లో మనుషులను చూసిన కన్ను అది. నేను నడిచే వస్తానంటే, "సార్, ఒక్క అడుగు వేస్తే ఊరుకోను" అని గట్టిగా అరిచాడు. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, ఆస్పిరిన్ నమలమన్నారు, మధ్యాహ్నంలోగా రెండో స్టెంట్ పడింది. ఆ రోజు తీసిన రక్తంలో ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్టరాల్ 151. మాత్ర వాడుతున్న రోజుల్లో అది 64.

మూడో రోజు వార్డుకు వచ్చిన వైద్యుడు నా పాత యాంజియోగ్రామ్ రిపోర్టు రెండో పేజీ తిప్పి, ఇప్పుడు మూసుకుపోయినది తొంభై శాతపు నాళం కాదని, ఆనాడు సర్కమ్‌ఫ్లెక్స్ అనే మరో గుండె నాళంలో నలభై శాతమని రాసి వదిలేసిన చోటని చూపించాడు. నాకు అర్థం కాలేదు. నలభై శాతం పూడికతో కాలువ ఆగదు గదా అన్నాను. నా ఉద్యోగం ఏమిటో అడిగి తెలుసుకుని, ఈసీజీ కాగితం వెనుక రెండు గీతలు గీసి, "మీరు కాలువ అడుగు చూస్తున్నారు, జబ్బు ఉన్నది కట్టలో" అన్నాడు. కొవ్వు నాళం లోపల మట్టిలా పైకి పేరుకోదని, గోడ పొరల మధ్యకు చొచ్చి అక్కడ ముద్దకడుతుందని, దాని మీద సన్నని పొర ఒకటి ఉంటుందని, ఆ పొర చిట్లితే రక్తం ఆ చోట గడ్డకట్టి నిమిషాల్లో నాళాన్ని మూసేస్తుందని, చాలాసార్లు గుండెపోటు తెచ్చే ముద్ద అంతకుముందు నాళాన్ని సగం కూడా మూసి ఉండదని వివరించాడు. నాకు వెంటనే ఎలుక బొరియలు గుర్తుకొచ్చాయి. కాలువ నిండుగా పారుతుంటుంది, పైన లైనింగ్ నున్నగా ఉంటుంది, కట్ట లోపల మాత్రం బొరియ పడి ఉంటుంది, ఒక రాత్రి కాలువ కాపలా చూసే లష్కరు పరుగెత్తుకొచ్చి గండి పడిందంటాడు. గండ్లు పూడ్చడానికి నేను ఎన్ని రాత్రులు ఇసుక మూటలతో నిలబడ్డానో లెక్కలేదు. అయినా నా ఒంట్లోని కాలువకు ఆ లెక్క వర్తిస్తుందని తోచలేదు, ఎందుకంటే అందరూ దానిని పూడిక అనే పిలిచారు.

స్టాటిన్ చేసే పని కట్టను గట్టిపరచడం. రక్తంలో ఎల్‌డీఎల్ తగ్గించి, గోడలోని ముద్దపై పొరను దిట్టం చేస్తుంది. కరగడమనే మాటకు కొద్దో గొప్పో అర్హత ఉన్నదీ దానికే. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ 40 మిల్లీగ్రాములు రెండేళ్లు వాడిన వారిలో, నాళంలో ఆ ముద్దలు ఆక్రమించిన వాటా సుమారు ఒక్క శాతం మేర తగ్గింది. రెండేళ్లకు ఒక్క శాతం! చెంచాతో తిప్పే పని కాదది.

ఇక మీరు అడిగిన సీసాల సంగతి. రెడ్ ఈస్ట్ రైస్‌లో పనిచేసే పదార్థం మొనకోలిన్ కె. అది 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ అనే స్టాటిన్ తప్ప మరొకటి కాదు. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో దానిని 1979లో ఎర్ర బూజు నుంచే వేరుచేశాడు. అంటే స్టాటిన్ భయంతో పారిపోయిన నేను, ఏ సీసాలో ఎంత ఉందో ఎవరూ కొలవని స్టాటిన్‌కు డబ్బు కట్టాను. చేపనూనె గురించి 2018లోనే రెండు పెద్ద ఫలితాలు వచ్చాయి. దాదాపు 26 వేల మందికి రోజుకు ఒక గ్రాము చొప్పున ఐదేళ్లు ఇచ్చి చూస్తే ప్రధాన గుండె సమస్యలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వుల్లో ఒకటైన ఈపీఏను శుద్ధి చేసి రోజుకు నాలుగు గ్రాములు ఇచ్చిన మరో అధ్యయనంలో ప్రమాదం 25 శాతం తగ్గింది, కానీ వారంతా రక్తంలో ట్రైగ్లిసరైడ్లు అనే కొవ్వులు ఎక్కువగా ఉండి, అప్పటికే స్టాటిన్ వాడుతున్నవారు. మామూలు వెయ్యి మిల్లీగ్రాముల మాత్రలో ఈపీఏ ఉండేది 180 మిల్లీగ్రాములు, లెక్క మీరే వేసుకోండి. పైగా ఎక్కువ మోతాదులో చేపనూనె గుండె లయ తప్పే ప్రమాదాన్ని పెంచుతుంది.

వెల్లుల్లి మాటకొస్తే, మా వైపు తెల్లగడ్డ లేని పచ్చడి ముద్ద దిగదు, తినండి, మాత్రగా మింగకండి. 2022లో ఒక అధ్యయనం చేపనూనె, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, మొక్కల స్టెరాల్స్, రెడ్ ఈస్ట్ రైస్ అనే ఆరింటినీ 28 రోజుల పాటు రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాముల పక్కన పెట్టి చూసింది. స్టాటిన్ వాడిన వారిలో ఎల్‌డీఎల్ దాదాపు 38 శాతం పడింది. మిగిలిన ఆరింటిలో ఏదీ మందు లేని ఉత్తుత్తి మాత్రను మించలేదు, వెల్లుల్లి వాడినవారిలో కొంచెం పెరిగింది కూడా. ఆ అధ్యయనానికి డబ్బిచ్చింది స్టాటిన్ కంపెనీయే గదా అని మా బావమరిది ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. నిజమే, ఇచ్చింది. నా 64, 151 అంకెలకు మాత్రం ఏ కంపెనీ డబ్బివ్వలేదు. సీసాల సెట్టులో విటమిన్ కె2 కూడా ఉంటే ఇంకో జాగ్రత్త చెప్పాలి. గుండెకు లోహపు వాల్వు వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ వంటి మాత్రలు వాడేవారికి విటమిన్ కె నేరుగా ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది.

ఇంటికి వచ్చాక మా మనవడికి థర్మోకోల్ కథ చెబితే, వాడు చీనీకాయ తొక్కను మడిచి పిండి, థర్మోకోల్ మీద చిమ్మాడు. చిటపటమని గుంటలు పడ్డాయి. తొక్కలోని నూనెకు ఆ గుణముంది, పెట్రోలుకు ఇంకా బాగా ఉంది. సీసాలోని చేపనూనెకు ఉండటానికి కారణం, దానిని ఇథైల్ ఎస్టర్ అనే రసాయన రూపంలోకి మార్చి నింపడమే. గోడలోని కొవ్వుకు, థర్మోకోల్‌కు చుట్టరికం లేదు.

స్టెంట్లమ్మేవారిని కూడా నేను వదిలిపెట్టను. గుండెపోటు వచ్చిన వేళ స్టెంట్ ప్రాణం నిలుపుతుంది, నాకు నిలిపింది. నిలకడగా ఉన్న జబ్బులో మాత్రం, 2020లో వెలువడిన ఐదు వేల మంది అధ్యయనం ప్రకారం, ముందే స్టెంటో బైపాసో చేసినందువల్ల మంచి మందుల కంటే మరణాలు, గుండెపోట్లు చెప్పుకోదగినంతగా తగ్గలేదు, ఛాతీ నొప్పి మాత్రం తగ్గింది. అది కూడా పూడికతీత మనస్తత్వమే. రోగికి ఈ మాట చెప్పడానికి ఓపీలో రెండు నిమిషాలు చాలవు, ఆ చాలని నిమిషాల్లోనే సీసాలవాళ్లు దూరుతున్నారు.

మీ నాన్నగారు కండరాల నొప్పి వల్ల మాత్ర మానాలనుకుంటే, ఆ మాట వైద్యుడికే చెప్పమనండి. మందు మార్చవచ్చు, మోతాదు తగ్గించి, కొలెస్టరాల్ తగ్గించే మరో మందు ఎజిటిమైబ్ కలపవచ్చు. నాకు రోసువాస్టాటిన్‌కు మార్చారు, తొడ నొప్పులు అలాగే ఉన్నాయి, బహుశా అవి మొదటి నుంచీ మోకాలి అరుగుదలవే కావచ్చు. 2020లో స్టాటిన్ పడదన్న అరవై మందికి ఒక నెల స్టాటిన్, ఒక నెల ఉత్తుత్తి మాత్ర, ఒక నెల ఏమీ లేకుండా మార్చి మార్చి ఇచ్చి చూస్తే, బాధల్లో తొంభై శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. మీ నాన్నగారి వంటి వారికి ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని 2019 నాటి ఐరోపా మార్గదర్శకాలు చెబుతున్నాయి, ప్రస్తుతం ఎంత ఉందో పరీక్ష చేయించండి.

ఈ సాయంత్రమే ఆయన యాంజియోగ్రామ్ రిపోర్టు బయటికి తీయండి. స్టెంట్ వేసిన నాళం గురించి రాసిన వాక్యం మీకు ఎటూ తెలిసే ఉంటుంది. దాని కింద ముప్పై, నలభై, యాభై శాతమంటూ చిన్నగా రాసి ఉన్న వాక్యాలను ఆయన చేత పైకి చదివించండి. మా ఇంట్లో ఆ రెండో పేజీ తిప్పడానికి ఇరవై నెలలు పట్టింది, అదీ ఆసుపత్రి మంచం మీద.